పాత మేడలో పెళ్లి పందిరి

హైదరాబాద్‌లో 1893లో పూర్తయిన ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నుంచి హోటల్‌గా నడుస్తోంది. 101 మంది ఒకే బల్ల చుట్టూ కూర్చునే భోజనశాల అక్కడుంది. అలాంటి పాత భవనంలో పెళ్లి చేయాలనుకుంటే, అడ్వాన్సు ఇచ్చేముందు కొన్ని సంగతులు చూసుకోండి. లోపల హోమం చేయనిస్తారా? ఆ పొగ పైకప్పు మీది రంగుల్ని, నగిషీల్ని మసిబారుస్తుంది. పందిరి గోడను తాకకుండా విడిగా నిలబడేలా వేయించండి. సున్నపు గోడకు మేకు కొడితే పెచ్చులూడతాయి. లైట్లకు జనరేటర్ పెట్టించండి, పాత వైరింగ్ మీద భారం వేయకండి. మెట్లెక్కలేని పెద్దవాళ్లకు దారి చూసుకోండి. ముహూర్తం అర్ధరాత్రయితే మేళానికి అనుమతి ముందే తీసుకోండి. మన పెళ్లి ఒక్కరోజే. ఆ మేడ మాత్రం మన మనవల కాలానికీ నిలవాలి.