ఏ బండి గొప్పది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీరును కాబట్టి యంత్రాల గురించి ఏదో చెబుతానని నిర్వాహకులు అనుకొని ఉంటారు. యంత్రాల గురించే చెబుతాను. కాకపోతే ఈ ఉదయం మన గేటు బయట చెట్టు కింద వరసగా నిలబెట్టిన మోటార్ సైకిళ్ళ గురించి.

మా బ్యాచ్‌లో బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళం ఏడుగురం. పిల్లల చదువులు ఒక గట్టెక్కాక, ఏడాదికి రెండుసార్లు అందరం కలిసి ఎటైనా వెళ్ళడం అలవాటు చేసుకున్నాం. పేర్లు పెట్టి పిలుచుకోవడం ఎప్పుడో మానేశాం. ఒకడు బుల్లెట్, ఒకడు ఎజ్డీ, ఒకడు ఆర్ఎక్స్. మా నాన్నగారి సీడీ 100 ఇంకా నా దగ్గరే ఉంది కాబట్టి నేను హీరో హోండాని.

కలిస్తే చాలు, మాటల యుద్ధమే. "వీడు బండి తియ్యాలంటే ముహూర్తం చూడాలిరా" అంటాడు ఎజ్డీ. పాత బుల్లెట్‌కి అమ్మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా చూసి, డీకంప్రెషన్ లివరు నొక్కి, అప్పుడు కిక్కు కొట్టాలి. దానికి బుల్లెట్ జవాబు: "నీ బండి వీధిలోకొస్తే మునిసిపాలిటీవాళ్ళు దోమల మందు కొడుతున్నారని జనం తలుపులు వేసుకుంటారు." నా బండి కుట్టుమిషనట. నేను ఊరుకుంటానా? "పెట్రోలు బంకులో మీకు ఖాతా ఉంది. నన్ను చూస్తే ఎవరు బాబూ నువ్వు అంటారు" అంటాను.

ఇన్నేళ్ళలో ఎవరూ గెలవలేదు, గెలవలేరు కూడా. ఎందుకో ఇంజనీరుగా చెబుతాను. ఆర్ఎక్స్ 100, సీడీ 100 రెండూ 1985లోనే మన రోడ్లమీదికి వచ్చాయి. ఒకటి 98 సీసీ, రెండోది 97 సీసీ. సిలిండర్లు పక్కపక్కన పెడితే ఇంచుమించు ఒకే కొలత. కాని ఒకటి టూ స్ట్రోక్, ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది. రెండోది ఫోర్ స్ట్రోక్, రెండు చుట్లకి ఒకసారి. అందుకే మొదటిది 11 గుర్రాల బలంతో ఉరుకుతుంది. రెండోది అంత ఉరకదు, కాని లీటరు పెట్రోలుతో చాలా దూరం తీసుకెళ్తుంది. ఇక పాత బుల్లెట్ సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90. పొడవైన నడక, బరువైన ఫ్లైవీలు. నెమ్మదిగా తిరుగుతూనే ఎంత బరువైనా లాగుతుంది. తొందరపెడితే మాత్రం ఒప్పుకోదు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. అన్నీ ఉన్న ఇంజను ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. ఒకే తరగతిలో ఒకే మాస్టారి దగ్గర చదివి, ఇన్ని రకాలుగా తయారైన మనకి ఇది వింతగా తోచకూడదు.

అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. మా బ్యాచ్‌లోనే ఒక మిత్రుడున్నాడు. అరటి తోట, గెలల వ్యాపారం. రోజూ తెల్లవారుజామున టీవీఎస్ ఎక్స్ఎల్ మీద గెలలు కట్టుకొని రావులపాలెం మార్కెట్‌కి వెళ్తాడు. ఎన్నిసార్లు పిలిచినా మాతో వచ్చేవాడు కాదు. పని ఉందనేవాడు. చివరికి బుల్లెట్ వాళ్ళింటికి వెళ్ళి అరుగుమీద కూర్చుని కదలనంటే నిజం చెప్పాడు. "బండి చిన్నదని సిగ్గు కాదురా. నేను వెనకబడితే మీరందరూ దారిలో ఆగి నాకోసం చూడాలి. అది నాకు ఇష్టం లేదు."

మా అందరిలో ఎక్కువ వెటకారం బుల్లెట్‌దే. ఆ రోజు మాత్రం ఒక్క జోకూ వెయ్యలేదు. "అయితే నువ్వు ముందు నడువు. నిన్ను దాటినవాడు అందరికీ భోజనం పెట్టాలి" అన్నాడు.

అలా రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళాం. ముందు ఎక్స్ఎల్, వెనక ఏడు బండ్లు. నెమ్మదిగా వెళ్తే ఆ అడవి ఎంత కనిపిస్తుందో ఆ రోజు తెలిసింది. అందరి సామాన్లూ, ఒక అరటిగెలతో సహా, ఎక్స్ఎల్ కాళ్ళ దగ్గర పళ్ళెంలాంటి చోటులోనే ప్రయాణం చేశాయి. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తింటూ వాడు మా ఏడుగురినీ ఒక్క మాటతో పడగొట్టాడు: "నా బండి రోజూ సంపాదిస్తుంది. మీ బండ్లు రోజూ తింటాయి."

అప్పటినుంచి మాకు మూడు నియమాలు. అన్నిటికంటే నెమ్మదిగా వెళ్ళే బండి ముందుండాలి. హెల్మెట్ లేనివాడికి ప్రవేశం లేదు. జుట్టు చెదురుతుందనే సాకు మా వయసులో ఎలాగూ చెల్లదు. బండిని ఎంతైనా వెక్కిరించవచ్చు, మనిషి సంపాదన జోలికి మాత్రం పోకూడదు.

ఈ సంగతి ఈ సభలో ఎందుకు చెప్పానంటే, ఇక్కడ ఖాళీ కుర్చీలు కనిపిస్తున్నాయి. మన బడిలో చదివి, ఇదే ఊళ్ళో, పక్క ఊళ్ళలో ఉంటూ ఈ రోజు రానివాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళందరికీ పని ఉందని నేను అనుకోను. వస్తే ఏం చేస్తున్నావు, ఎక్కడ సెటిలయ్యావు, పిల్లలు ఏ దేశంలో ఉన్నారు అని అడుగుతామని కొందరు రాలేదు. మనం ఆహ్వాన పత్రాలు పంపాం. అరుగుమీద కూర్చుని కదలనన్నవాళ్ళం ఎంతమందిమి?

మా చిన్నప్పుడు ఈ బడికి గురువులు చాలామంది సైకిళ్ళమీద వచ్చేవారు. ఏ మాస్టారిది ఏ సైకిలో మనం పట్టించుకోలేదు. ఆయన లోపలికి వస్తే లేచి నిలబడ్డాం, అంతే.

వచ్చే ఏడాది కలిసేటప్పుడు ఒక్కొక్కరం ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి, వెంటబెట్టుకొని వద్దామని నా మనవి. వెనక సీటు ఖాళీగా ఉన్న బండ్లు మనకి చాలానే ఉన్నాయి.