మసకబారిన మోటారు దీపములు: ఇంటివద్దనే బాగుచేసికొను విధానము
(కొత్తపట్నమున గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



పంచాయతీ యనగానే మనకు మంచినీరు, మురుగుకాలువ, వీధిదీపము జ్ఞప్తికి వచ్చును. వీధిదీపము ఆరిపోయినచో మరునాటి ఉదయముననే నలుగురు వచ్చి సభ్యుని వాకిట నిలిచి అడుగుదురు. ఊరు దాటిన పిమ్మట వీధిదీపము లేదు. అచ్చట దారి చూపవలసినది బండి ముందున్న దీపమే. ఆ దీపము మసకబారినదని ఏ పంచాయతీకిని అర్జీ రాదు. నేడు నేను మనవి చేయబోవునది ఆ రాని అర్జీని గురించియే.

ఈ తీరమునుండి చేపల బండ్లు తెల్లవారకముందే ఒంగోలు దారి పట్టును. మిరపకాయల కాలమున బస్తాల లారీలు రాత్రివేళ 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా గుంటూరు యార్డుకు సాగును. ఆ దారుల ప్రక్కనే కూలికి పోవు స్త్రీలు, సైకిళ్లు, వెనుక దీపము లేని ఎడ్లబండ్లు, ఇల్లు చేరు గేదెలు. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకు పోవును. డ్రైవరు ఎదుటి మనిషిని చూచి బ్రేకుపై కాలు మోపులోపలనే ఆ దూరము గడచిపోవును. కనుక దీపము ఎంతదూరము చూపుచున్నదన్నది ప్రాణములకు సంబంధించిన లెక్క.

పూర్వపు అంబాసిడరు కారు దీపమునకు గాజు అద్దముండెడిది. గాజు పగులునే గాని పచ్చబడదు. నేటి కార్లకు, ఆటోలకు, చిన్న లారీలకు చాలవరకు ఉన్నది పాలికార్బనేటు అను ప్లాస్టిక్కు. దీనిని 1953లో జర్మనీలోని బేయరు కంపెనీ రసాయనికుడు హెర్మన్ ష్నెల్ కనుగొనెను. ఇది తేలిక, దెబ్బకు ఓర్చును. కాని ఎండకు ఓర్వదు. అందుచే కర్మాగారములోనే దానిపై పలుచని రక్షణపూత వేయుదురు. ఎండలోని అతినీలలోహిత కిరణములకును, ఎగిరివచ్చు ఇసుకకును ఆ పూత క్రమముగా అరిగిపోవును. పిమ్మట ప్లాస్టిక్కు పచ్చబడి, పాలవలె తెల్లబారును. ఏడాది పొడుగునా ఎండ, దానికి తోడు సముద్రపు ఇసుకగాలి గల మన ప్రాంతమున ఇది జరుగుటలో వింతలేదు.

అమెరికాలోని వాహనదారుల సంఘము ఏఏఏ 2018లో జరిపిన పరీక్షలో, బాగుగా మసకబారిన దీపము క్రొత్తదానిలో ఐదవ వంతు వెలుతురు మాత్రమే ఇచ్చుచున్నదని తేలినది. బాగుచేసిన పిమ్మట అది నూటికి 70 వంతుల వరకు పెరిగినది. మసక అద్దమువలన మరియొక కీడు కలదు. వెలుతురు చెదరి ఎదుటివాని కండ్లలో పడును. ఇది తెలియక కొందరు మరింత శక్తిగల బల్బు బిగింతురు. దానివలన దారి కనబడుట అటుండగా, ఎదుటివానికి కండ్లు చీకట్లు క్రమ్మును. లోపము బల్బులో లేనప్పుడు బల్బును మార్చి ప్రయోజనమేమి?

ఇక బాగుచేయు విధానము. ముందుగా అద్దమును గోటితో తట్టి చూడుడు. గాజైనచో ఈ పద్ధతి పనికిరాదు, కడిగిన చాలును. మసక లోపలివైపున నున్నను, నీటిచెమ్మ చేరినను, పగులున్నను మెకానిక్కుకు చూపవలెను.

ప్లాస్టిక్కైనచో దీపము ఆర్పి చల్లారనిచ్చి, నీడలో నిలిపి, సబ్బునీటితో కడుగవలెను. చుట్టునున్న రంగుకు దెబ్బతగులకుండ టేపు అంటింపవలెను. బండ్లకు రంగువేయువారు వాడు వాటర్ పేపరు 1000 నంబరుది తీసికొని, నీరు చల్లుచు, పసుపు పూర్తిగా పోవువరకు ఒకే దిశలో సమముగా రుద్దవలెను. పిదప 2000, ఆపైన 3000 నంబరు కాగితములతో, ప్రతిసారియు ముందటి గీతలకు అడ్డముగా రుద్దవలెను. ఈ దశలో అద్దము తెల్లగా కనబడును, భయపడనక్కరలేదు. పాలిషు పెట్టి మెత్తని గుడ్డతో తోమిన తేటపడును.

పని అంతటితో ముగిసినదని తలచుటయే చాలమంది చేయు పొరపాటు. పాతపూతను మనమే రుద్ది తీసివేసితిమి గదా! క్రొత్తపూత వేయనిచో కొలది నెలలకే మసక తిరిగివచ్చును. కావున తుడిచి ఆరబెట్టి, అతినీలలోహిత కిరణముల నాపునట్టి, దీపముల కొరకే తయారైన పారదర్శకపు పూతను వేయవలెను. ఆరుబయట, ముక్కుకు, నోటికి తగిన మాస్కు ధరించి, డబ్బాపై వ్రాసినంతసేపు ఆరనిచ్చి చేయవలెను. చివరకు రాత్రివేళ బండిని గోడకెదురుగా నిలిపి, రెండు దీపముల వెలుగు ఒకే ఎత్తున పడుచున్నదో లేదో చూడవలెను.

పళ్లపేస్టుతో రుద్దిన మెరయును గాని అది కొన్నాళ్ల ముచ్చట. అందు రక్షణపూత లేదు. పెట్రోలు, థిన్నరు వాడరాదు. అవి ప్లాస్టిక్కును తినివేసి సన్నని పగుళ్లు తెచ్చును. దోమల మందు పూసినను అద్దము పైపొర కరగి, తరువాత మరింత చెడును. పొడిగుడ్డతో దుమ్ము తుడుచుటయు గీతలు పెట్టుటయే యగును.

సభ్యులకు నా మనవి యొక్కటి. ముందుగా పంచాయతీ చెత్తబండి దీపములను చూడుడు. ఆపైన మన పిల్లలను బడికి కొనిపోవు ఆటోలను, చేపల బండ్లను చూడుడు. ఒక ఆదివారము ఊరిలో రంగుపని తెలిసిన యువకుని పిలిచి, బండ్లవారినందరను ఒకచోట చేర్చి, ఒక దీపము బాగుచేయించి చూపింపుడు. ఒక ప్రక్క పాతది, ఒక ప్రక్క బాగుచేసినది వెలిగించినచో ఉపన్యాసముతో పనియుండదు. కాగితములు, పాలిషు, పూత పదిమంది కలిసి కొనిన ఎవరికిని భారము కాదు.

వీధిదీపము వెలిగించుట పంచాయతీ విధి. ఊరిబండి దీపము వెలుగునట్లు చూచుట చట్టము చెప్పకున్నను మనము చేయదగిన పని. దారి ప్రక్కన చీకటిలో నడచిపోవువారు మన ఊరివారే.