పాల కేంద్రంలో కార్డు చదివే యంత్రం
(పామిడి పరిసర గ్రామాల పాల సంఘాల సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



వేరుశనగ చేతికి రాని ఏడు మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లను నిలబెట్టేది పాల డబ్బే. పూటకు రెండు లీటర్లు పోసే ఇల్లాలికి ఆ రెండు లీటర్లూ తన పేరుననే జమ కావాలి. ఈనాడు నేను మనవి చేయదలచినది ఇదొక్కటే.

చేతితో రాసేటప్పుడు 47వ నంబరు 74గా పడవచ్చు. ఈ పొరపాటు నివారణకే గుర్తింపు కార్డులు వచ్చాయి. గుజరాత్‌లోని ఖేడా జిల్లా సంఘాలలో 1990లలోనే ఇట్టి పద్ధతి మొదలైంది. ఇప్పుడు యంత్రంలో దూర్చనక్కరలేని కార్డులు ఉన్నాయి.

ఈ కార్డులో బ్యాటరీ ఉండదు. సన్నని తీగచుట్ట, చిన్న చిప్పు మాత్రమే ఉంటాయి. చదివే యంత్రం 13.56 మెగాహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని వెలువరిస్తుంది. కార్డును కొద్ది సెంటీమీటర్ల దూరానికి తెస్తే, ఆ క్షేత్రం నుండే శక్తి పొంది తన నంబరు తెలుపుతుంది.

దీనిని కాటాకు, వెన్న శాతం చూసే యంత్రానికి జత చేయించేటప్పుడు మూడు సంగతులు గమనించండి.

మొదటిది, అమర్చే చోటు. ఇనుము, స్టీలు రేకుల వెనుక పెడితే కార్డు పలకదు. ప్లాస్టిక్ మూత కింద, లోహానికి ఎడంగా ఉంచాలి. ఎడం కుదరకపోతే మధ్యన ఫెర్రైట్ పలక వేయించాలి.

రెండవది, వరుస. ముందు కార్డు, తరువాత తూకం, పరీక్ష, చివర చీటీ. చీటీ రాగానే యంత్రం పాత నంబరును వదిలివేయాలి. లేకుంటే వెనుకనున్నవారు కార్డు చూపడం మరచినప్పుడు వారి పాలు ముందువారి ఖాతాలో పడతాయి. కార్డు చూపనిదే తూకం నమోదు కాకూడదు. తెరపై సభ్యుని పేరు తెలుగులో కనబడాలి.

మూడవది, భద్రత. కార్డుపై క్రమసంఖ్యను మరొక కార్డులోకి నకలు చేయడం సాధ్యమే. కనుక కేవలం క్రమసంఖ్యను నమ్మి డబ్బు చెల్లించరాదు. పోయిన కార్డును వెంటనే రద్దు చేయించాలి. కరెంటు పోయిన పూటకు బ్యాటరీ, దానికి తోడు చేతి పుస్తకం సిద్ధంగా ఉండాలి.

ఒక్క మాట మరువవద్దు. కార్డు మనిషిని గుర్తిస్తుందే గాని పాలను పరీక్షించదు. పాలు బాగా కలిపి నమూనా తీయకపోతే, ఎంత మంచి యంత్రమైనా తప్పు శాతమే చూపుతుంది. అందుచేత చీటీలోని పేరు, లీటర్లు, వెన్న శాతం అక్కడే సరిచూసుకోండి. చదువురాని సభ్యులకు కార్యదర్శిగారు బిగ్గరగా చదివి వినిపించాలి. యంత్రం వచ్చినా సంఘం లెక్కకు కాపలా మనమే.