విశ్రాంత దంపతులు - థాయిలాండు నివాసానుమతి

ఉద్యోగ విరమణానంతరము కొంతకాలము పరదేశమున నివసింపగోరు దంపతులను థాయిలాండు ఆకర్షించుచున్నది. సముద్రతీరములు, మంచి వైద్యశాలలు, హైదరాబాదునుండి విమానమున సుమారు నాలుగు గంటల ప్రయాణము - ఇవి కారణములు. 50 ఏండ్లు నిండిన విదేశీయుడు తగిన వీసాతో ప్రవేశించి, అచ్చటి బ్యాంకులో 8,00,000 బాత్‌ల నిలువ గాని, నెలకు 65,000 బాత్‌ల ఆదాయము గాని చూపినచో, ఏటేట పొడిగించుకొను నివాసానుమతి లభించును. అతని భార్య ఆశ్రితురాలిగా దరఖాస్తు చేసికొనవచ్చును. ఆమె వేరుగా ధనము చూపనక్కరలేదు. వయస్సు 50కి తక్కువైనను అభ్యంతరము లేదు. భర్త అని మేము సౌలభ్యమునకై యనుచున్నాము. పింఛను భార్యదైనను నియమ మదియే.

ఆమె చూపవలసినది వివాహ ధ్రువపత్రము. తెలుగువారికి చిక్కంతయు నిచ్చటనే. 1955 నాటి హిందూ వివాహ చట్టము నమోదునకు వీలు కల్పించినను, నమోదు లేనంత మాత్రమున వివాహము చెల్లకపోదనియు చెప్పినది. కావున పెద్దవారిలో అనేకులకు శుభలేఖయు, ఛాయాచిత్రములును తప్ప వేరు ఆధారము లేదు. వానితో అచ్చటి అధికారి తృప్తి చెందడు. ఒక పత్రమున పుట్టింటి పేరు, మరియొకదాన అత్తింటి పేరు ఉన్న స్త్రీల కష్టము చెప్పనే అక్కరలేదు. బయలుదేరుటకు ముందే స్వస్థలమున నమోదు చేయించి, పేర్లు సరిచూచుకొని, ధ్రువీకరణలు ముగించుకొనుట మేలు.

అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. ఆశ్రితురాలి అనుమతి భర్త అనుమతిని అంటిపెట్టుకొని యుండును. ఆయన మరణించినచో దాని ఆధారమే పోవును. ధనమంతయు ఆయన ఖాతాలోనే యున్నచో, న్యాయస్థానము ఆస్తి నిర్వాహకుని నియమించువరకు బ్యాంకు సాధారణముగా దానిని విడువదు. దుఃఖములోనున్న యామెకు వీసాయు, ధనమును ఒక్కమారే చేజారును. 50 నిండియున్నచో తన పేరనే విశ్రాంతానుమతి కోరవచ్చును. కాని నిలువ ధనము చూపదలచినచో అది దరఖాస్తునకు రెండు నెలల ముందునుండియే ఆమె సొంత ఖాతాలో ఉండవలెను. భర్త జీవించియుండగనే ఆమె పేర వేరు ఖాతా తెరచి ధనము నిలువచేయుట అశుభమని తలంచువారు కలరు. మాకట్లు తోచదు.

ఇక 90 దినముల కొకమారు నివాసము తెలుపుట ఇద్దరికిని విధి. దేశము విడుచునపుడు పునఃప్రవేశానుమతి తీసికొననిచో ఉన్న అనుమతి రద్దగును. మనుమరాలి పెండ్లికి పరుగెత్తివచ్చు తొందరలో భర్త దీనిని మరచెనా, భార్య అనుమతికిని ముప్పు వాటిల్లును.