క్రొత్త కారా? పాత కారా?



నేటి నా ప్రసంగవిషయము కొందఱకు చిత్రముగ తోచవచ్చును. కారు కొనుట పట్టణవాసుల సంగతి గదా, పల్లెటూరి పెద్దలకు దానితో పని యేమి యని మీరనవచ్చును. ఆ మాట ఒకనాడు నిజమే. నేడు ఎడ్లబండి నిలిచిన చావిడిలోనే కారు నిలుచుచున్నది. ఎడ్ల జతను కొనుటకు నలుగురిని వెంటబెట్టుకొని సంతకు పోయిన ఇంటివారే, అంతకు అనేక రెట్లు వెలగల కారును ఒక్క పూటలో బేరమాడి తెచ్చుకొనుచున్నారు. అందుచేత ఈ నాలుగు మాటలు మీతో చెప్పదలచితిని.

మా అక్కగారిది కృష్ణాజిల్లాలో ఒక పల్లె. ఆమె మూత్రపిండములు చెడి, వారమునకు మూడు పర్యాయములు విజయవాడకు పోయి డయాలసిస్ చేయించుకొనవలసి వచ్చినది. పోను 40 కిలోమీటర్లు, రాను 40. మా బావగారు ఒకనాడు నా యొద్దకు వచ్చి, “అయిదు లక్షలు దాచినది యున్నది. కాలువ క్రింది అరయెకరము అమ్మివేసి క్రొత్త కారు కొనవలెనని యున్నది. నీవేమందువు?” అని యడిగిరి. ఆ అరయెకరము మా తండ్రిగారు అక్కకు పసుపుకుంకుమల క్రింద ఇచ్చినది. “బావగారూ, రెండు దినములు గడువిండు, లెక్క వేసి చెప్పెదను” అంటిని.

లెక్కకు పూర్వము ఒక భేదము గుర్తింపవలెను. వెల వేఱు, ఖర్చు వేఱు. కొన్ననాడు మన చేతినుండి పోవునది వెల. దానిని తిరిగి అమ్మిననాడు రాక పోయినది, నడుమ పెట్టినది, ఆ సొమ్మునకు రావలసిన వడ్డీ, ఇవియన్నియు కలిసి ఖర్చు. భూమి కొన్నవాడు పదేండ్లకు ఎక్కువకు అమ్మును. కారు కొన్నవాడు తప్పక తక్కువకే అమ్మును.

ఎంత తక్కువకు? ఇన్సూరెన్సు కంపెనీలవారు కారు విలువ కట్టుటకు ఒక పట్టిక వాడుచున్నారు. దాని ప్రకారము ఆరు నెలలు నిండకమునుపే నూటికి 5 తగ్గును. ఏడాది నిండులోపున 15, రెండవ ఏట 20, మూడవ ఏట 30, నాలుగవ ఏట 40, అయిదవ ఏట 50 వంతులు తగ్గును. అనగా అయిదేండ్లకు షోరూము వెలలో సగము మాత్రమే మిగులును. తొలిదినమున కట్టిన లైఫు టాక్సు ఈ పట్టికలో చేరనే చేరదు.

ఒకప్పుడిట్లు లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చుటకు పూర్వము కారు కోరినవారు పేరు వ్రాయించుకొని ఏండ్ల తరబడి వేచియుండెడివారు. ఆ కాలమున ఒక్కొక్కప్పుడు వాడిన బండియే క్రొత్తదాని వెలకు మించి అమ్ముడుపోయెడిది. “కారు కొన్నచో డబ్బు ఎక్కడికిని పోదు” అని కొందఱు వృద్ధులు నేటికిని చెప్పు మాట ఆనాటి శేషము. నేడు కోరిన కారు దొరకుచున్నది గనుక ఆ మాట చెల్లదు.

ఇక లెక్క. షోరూము వెల 7,00,000 రూపాయలు గల చిన్న కారు ననుకొందము. లైఫు టాక్సు, ఇన్సూరెన్సు, తక్కిన రుసుములు కలిపి 1,20,000. మొత్తము 8,20,000. అయిదేండ్లకు 3,50,000కు అమ్మినచో నష్టము 4,70,000. పొలము అమ్మక, ఇందులో 5,00,000 బ్యాంకులో నూటికి 9 వడ్డీకి తెచ్చినచో నెలకు 10,380 చొప్పున 60 నెలలు కట్టవలెను. అందు వడ్డీయే సుమారు 1,22,800. చేతినుండి పెట్టిన 3,20,000కును డిపాజిటులో నూటికి 6 చొప్పున అయిదేండ్లకు 96,000 వచ్చియుండెడిది. మొత్తము 6,88,800. అనగా ఏటికి 1,37,760 రూపాయలు.

అదే కారు అయిదేండ్లు వాడినది 3,80,000కు దొరకినదనుకొందము. కొన్న వెంటనే టైర్లు, బ్యాటరీ, చిన్న మరమ్మతులు, పేరు మార్పు కలిపి 45,000. మరి అయిదేండ్లకు 1,50,000కు అమ్మినచో నష్టము 2,75,000. క్రొత్తదానికంటె అధికముగ అగు మరమ్మతులకు ఏటికి 15,000 చొప్పున 75,000 వేసితిని. చేతిసొమ్ము 4,25,000పై వడ్డీ 1,27,500. మొత్తము 4,77,500. ఏటికి 95,500.

ఏటేటి ఇన్సూరెన్సును రెండింటికిని ఉండునది గనుక ప్రక్కన పెట్టితిని. అయిదేండ్లలో పాత కారువలన మిగులు సొమ్ము 2,11,300 రూపాయలు.

ఇచ్చట మూడవ త్రోవ యొకటి కలదు. పెక్కుమంది దానిని లెక్కలోనికే తీసికొనరు. అది కారు కొనకుండుట. బాడుగ కారునకు కిలోమీటరుకు 15 రూపాయలనుకొన్నచో, అందు పెట్రోలును డ్రైవరును చేరియుందురు. సొంత కారునకు పెట్రోలే కిలోమీటరుకు 7 రూపాయలగును. మిగిలిన 8 రూపాయల తేడాతో పైని చెప్పిన ఏటి ఖర్చు పూడవలెను. ఏటికి సుమారు 12,000 కిలోమీటర్లు తిరిగినగాని పాత కారు గిట్టుబాటు కాదు. క్రొత్తది గిట్టవలెనన్న 17,000 కిలోమీటర్లు దాటవలెను. నెలకు రెండుసారులు పెండ్లికో, ఆస్పత్రికో పోవు ఇంటివారు బాడుగకు పిలుచుకొనుట నామోషీ కాదు. అదియే లాభము.

మా అక్క విషయము వేఱు. వారమునకు 240 కిలోమీటర్ల చొప్పున ఏటికి 12,480. తక్కిన పనులు కలిపిన 14,000 అగును. పైగా ఆస్పత్రిలో ప్రతిసారియు నాలుగు గంటలు ఆగవలెను. ఆగినందుకు బాడుగ కారు వేఱుగ అడుగును. కనుక సొంత కారు అవసరమే. క్రొత్తదానికి కిలోమీటరుకు పెట్రోలుతో సుమారు 17 రూపాయలు, పాతదానికి 14 పడును.

ఈ లెక్క చూపగా బావగారు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “లెక్క బాగుగనే యున్నది. నడిదారిలో ఆగిన కారులో మీ అక్క కూర్చుండవలసివచ్చిననాడు ఈ కాగితము ఏమి చేయును?” అనిరి.

ఆ ప్రశ్న న్యాయమైనది. నా లెక్కయంతయు ఒక్క మాటపై నిలిచియున్నది: కొన్న పాత కారు మంచిది కావలెను. ఇంజను విప్పి బాగుచేయవలసివచ్చినచో మిగులునని చెప్పిన సొమ్ములో సగము ఒక్కసారిగా పోవచ్చును. అమెరికాలో జార్జి అకెర్లాఫ్ అను ఆర్థికశాస్త్రవేత్త 1970లో ఈ విషయముపైననే ఒక వ్యాసము వ్రాసెను. లోపముగల కారును ఆ దేశమున నిమ్మపండు అందురు. అమ్మువానికి కారు గుణము తెలియును, కొనువానికి తెలియదు. కొనువాడు భయపడి మంచి కారునకును తక్కువ వెలయే చెప్పును. ఆ వెలకు ఇష్టపడక మంచి కార్లవారు సంతనుండి తప్పుకొందురు, చెడ్డవే మిగులును. ఈ పరిశోధనకు ఆయనకు 2001లో, మరియిద్దఱతో కలిపి, నోబెల్ బహుమతి వచ్చినది. మన రైతు ఈ సంగతి ఎఱుగనివాడు కాడు. సంతలో పండ్లు లెక్కించి, సుడులు చూచి, కాడి కట్టి నడిపించినగాని ఎద్దునకు బయానా ఇచ్చునా? ఆ బుద్ధియే కారునకును కావలెను.

కనుక ఉదయమున పోయి, ఇంజను చల్లగ నుండగా మీ యెదుటనే స్టార్టు చేయింపుడు. ముందే వేడిచేసి యుంచిన ఇంజను లోపమును దాచును. కిలోమీటర్లు చూపు మీటరును నమ్మకుడు. దానిని వెనుకకు త్రిప్పువారున్నారు. సర్వీసు కాగితములలోని అంకెలతో సరిచూడుడు. స్టీరింగు, క్లచ్చి పెడలు మిక్కిలి అరిగియుండి మీటరు మాత్రము తక్కువ చూపినచో అనుమానింపుడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు వాహనములు నీట మునిగినవి. అట్టివి కడిగి మెఱుగుపెట్టిన పిదప పైకి కనబడవు. క్రింది పఱుపు ఎత్తి చూచిన ఒండ్రు, సీటు క్రింది పట్టాలపై త్రుప్పు, తలుపులు మూసి కూర్చున్న ముక్కవాసన నిజము చెప్పును. అమ్మువానికి సంబంధములేని మెకానిక్కునకు కొంత ముట్టజెప్పి చూపింపుడు. ఆ సొమ్ము దండుగ కాదు.

వెల విషయమున మరియొక మాట. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. 18 శాతమునకు తగ్గినది. అంతకుమునుపు 28 శాతమును, పైని సెస్సును ఉండెడివి. పూర్వపు వెల చూపి, “నేను ఇంత పెట్టి కొంటిని” అని పాతదానికి వెల చెప్పువాని మాట చెల్లదు. నేటి క్రొత్త వెలనుండియే తగ్గింపు కట్టవలెను. పరరాష్ట్రపు కారు చవుక యని పరుగెత్తకుడు. అచ్చటి ఆఫీసునుండి అభ్యంతరము లేదను పత్రము తేవలెను, మన రాష్ట్రమున లైఫు టాక్సు మరల కట్టవలెను. పదునైదేండ్లు నిండుచున్న కారైనచో రిజిస్ట్రేషను తిరిగి చేయించుకొనవలసి యుండును. దానికి 2022 ఏప్రిలు నుండి రుసుము 600 నుండి 5,000కు పెరిగినది.

ఇక కాగితముల సంగతి. ఇది నా సొంత అనుభవము, సిగ్గుతోనే చెప్పుచున్నాను. కొన్నియేండ్ల క్రిందట నా పాత కారును ఒక దళారిద్వారా 1,40,000కు అమ్మితిని. అతడు తెచ్చిన 29వ, 30వ నంబరు ఫారములపై కొనువాని పేరు లేకుండగనే సంతకములు చేసి, సొమ్ము లెక్కించుకొని, పని తీఱినదనుకొంటిని. అతడు మరియొకనికి, ఆ మరియొకడు ఇంకొకనికి అమ్మిరి. ఎవరును పేరు మార్పించుకొనలేదు. రెండేండ్లకు ఆ కారు ఒక కూలివానిని కొట్టి కాలు విఱుగగొట్టెను. ఇన్సూరెన్సు అప్పటికే తీఱిపోయినది. నోటీసు నా యింటికి వచ్చినది. ఆర్.సి.లో ఎవరి పేరున్నదో వారే యజమానియని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పియున్నది. కారు నా కంటికి కనబడి రెండేండ్లయినది, చట్టము కంటికి అది నా వాకిటనే యుండెను. మూడేండ్లు కోర్టు చుట్టు తిరిగి, అమ్మగా వచ్చినదానికంటె ఎక్కువ చెల్లించితిని. ఆ కూలివానికి పరిహారము ముట్టవలసినదే. నా అశ్రద్ధవలన అది మూడేండ్లు ఆలస్యమైనదను బాధ నాకు సొమ్ము పోయినదానికంటె ఎక్కువ.

కనుక అమ్మినవారు పదునాలుగు దినములలో రవాణా ఆఫీసునకు తెలుపవలెను. కొన్నవారు ముప్పది దినములలో పేరు మార్పించుకొనవలెను. ఇది మోటారు వాహనముల చట్టములోని 50వ సెక్షను. ఇన్సూరెన్సు మార్పునకు పదునాలుగు దినములలోనే దరఖాస్తు పెట్టవలెను. క్లెయిము లేనందుకు వచ్చు తగ్గింపు అమ్మినవానిదేగాని కారుతో మీకు రాదు. ఆర్.సి.పై బ్యాంకు పేరున్నచో అప్పు తీఱినట్లు 35వ నంబరు ఫారము చేతికి వచ్చువఱకు సొమ్మంతయు ఇయ్యకుడు.

తుదకు మా బావగారు పొరుగూరి ఉపాధ్యాయుడొకడు అయిదేండ్లు వాడిన కారు కొనిరి. దానిని ఎవరు నడిపిరో, ఏ మెకానిక్కు చూచెనో ఊరందఱికిని తెలియును. అకెర్లాఫ్ చెప్పిన చిక్కునకు పల్లెలో మనకున్న మందు అదియే: తెలిసినవాని వస్తువు. చేత మిగిలిన 75,000 అక్క మందులకు ఉంచిరి. మేనల్లుడు కారు నడుపుచున్నాడు. నా సలహాపై ఊరిలోని బాడుగ కారు అబ్బాయితో, ఎప్పుడు పిలిచినను వచ్చునట్లు, ముందే మాటలాడి యుంచిరి.

ఏడాదిలో ఆ కారు ఒక్కసారి ఆగినది. తిరుగుదారిలో, సాయంకాలము. ఇరువది నిమిషములలో బాడుగ కారు వచ్చి అక్కను ఇంటికి చేర్చెను. ఆ ఇరువది నిమిషములు రోడ్డుప్రక్క చెట్టుక్రింద ఆమె ఎట్లు గడపినదో నేను చూడలేదు. లెక్కలో దానికి అంకె వేయలేదు. తరువాత నేను పోయి, “కష్టమైనదా అక్కా?” అని యడిగితిని. “కష్టమే. అయినను పొలము నిలిచినది గదరా” అనెను.

మీ యింటి లెక్క మా యింటి లెక్క కాకపోవచ్చును. ఎవరి కిలోమీటర్లు వారివి, ఎవరి అవసరము వారిది. కొనుటకు ముందు రెండు దినములు ఆగి, కాగితము కలము తీసికొని కూర్చుండుడని మాత్రమే నా మనవి.

సెలవు.