రాజధానికి ప్రత్యేక ప్రాంతం: మనవారి అనుభవం
(పెదపారుపూడిలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదని తీర్పు చెప్పింది. దాని మీద నాకన్నా బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు. కార్యదర్శిగారు నన్ను వేరే విషయం చెప్పమన్నారు. రెండు రోజుల క్రితమే పొట్టి శ్రీరాములుగారి వర్ధంతి జరిగింది గనుక రాజధాని సంగతి ఎత్తుకుంటాను. అందులోనూ ఒక్క ముక్కే. రాజధాని నగరాన్ని ఏ రాష్ట్రానికీ ఇవ్వకుండా కేంద్రం తన చేతిలో పెట్టుకోవడం. ఇదేదో ఢిల్లీ గొడవ అనుకోకండి. మన తెలుగువారి విషయంలో ఈ మాట మూడుసార్లు నడిచింది.

అసలీ ఆలోచన పుట్టిందే జీతం బకాయిల దగ్గర. 1783లో అమెరికా కాంగ్రెసు ఫిలడెల్ఫియాలో కూర్చుని ఉండగా, జీతాలు అందని సైనికులు వచ్చి భవనాన్ని చుట్టుముట్టారు. రక్షణ కల్పించమంటే పెన్సిల్వేనియా ప్రభుత్వం ముందుకు రాలేదు. సభ్యులు మూటాముల్లె సర్దుకుని ప్రిన్స్‌టన్ వెళ్ళారు. ఇంకొకరి ఇంట్లో అద్దెకుండకూడదని వాళ్ళకు అప్పుడు తట్టింది. 1787 రాజ్యాంగంలో, పది మైళ్ళ చదరానికి మించని ప్రాంతాన్ని కాంగ్రెసే ఏలుకోవచ్చని రాసుకున్నారు. అదే వాషింగ్టన్ అయింది. (మనం డి.ఏ. బకాయిల కోసం ఎన్ని ధర్నాలు చేశాం! రాజధాని మాట దేవుడెరుగు, గేటు కూడా కదల్లేదు.) అయితే ఆ నగరవాసులకు దేశాధ్యక్షుని ఎన్నికలో ఓటు 1961 దాకా లేదు. కాంగ్రెసులో వారి తరఫున ఓటు వేసే సభ్యుడు ఇప్పటికీ లేడు.

మన ఢిల్లీ కథా అంతే. 1911 డిసెంబరు 12 దర్బారులో రాజధాని కలకత్తా నుంచి మారుతుందని ప్రకటించారు. మరుసటి ఏడు అక్టోబరులో ఢిల్లీని పంజాబు నుంచి విడదీసి చీఫ్ కమిషనరు కింద పెట్టారు. 1952లో శాసనసభ ఇచ్చి 1956లో తీసేశారు. మళ్ళీ 1991లో రాజ్యాంగాన్ని 69వసారి సవరించి ఇచ్చారు. ఇచ్చినా భూమి, పోలీసు, శాంతిభద్రతలు కేంద్రం దగ్గరే ఉంచుకున్నారు.

ఇక మన సంగతి. 1949లో జవహర్‌లాల్, వల్లభభాయ్, మన బందరు పట్టాభి సీతారామయ్యగారు ముగ్గురూ కలిసి జె.వి.పి. నివేదిక ఇచ్చారు. ఆంధ్ర రాష్ట్రం కావాలంటే మద్రాసు మీద ఆశ వదులుకోండి అన్నారు. ఆంధ్రా బ్యాంకు పెట్టి మనకు పాసుపుస్తకం అలవాటు చేసిన పట్టాభిగారే ఆ కాగితం మీద సంతకం పెట్టవలసి వచ్చింది. (ఆ బ్యాంకు కూడా 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) ప్రకాశం పంతులుగారు మద్రాసును వదులుకోవడానికి ఒప్పుకోలేదు. పోనీ అటూ ఇటూ కాకుండా నగరాన్ని కేంద్రం కింద ఉంచండి అనే మాట ఆ రోజుల్లోనే వచ్చింది. శ్రీరాములుగారు 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూగారు రాష్ట్రం ప్రకటించారు, మద్రాసు లేకుండా.

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఉంది గనుక 1953 అక్టోబరు 1న రాజధాని కర్నూలుకు వెళ్ళింది. నాకు పని నేర్పిన హెడ్ గుమాస్తాగారు అప్పుడు కుర్ర గుమాస్తాగా డేరాల్లో పనిచేశారు. గాలి వచ్చినప్పుడు ఫైళ్ళ మీద రాళ్ళు పెట్టుకునేవాళ్ళమని, సాయంత్రం రాళ్ళు లెక్కపెట్టి అప్పగించడం కూడా తన డ్యూటీయేనని చెప్పేవారు. మూడేళ్ళకే, 1956 నవంబరు 1న, అందరూ హైదరాబాదుకు కదిలారు.

రెండోసారి ఆ మాట అన్నది అంబేద్కరుగారు. 1955లో భాషారాష్ట్రాల మీద పుస్తకం రాస్తూ, హైదరాబాదు, సికిందరాబాదు, బొల్లారం కలిపి చీఫ్ కమిషనరు ప్రాంతంగా చేసి దేశానికి రెండో రాజధాని చెయ్యమన్నారు. ఢిల్లీ దక్షిణాదికి దూరం, వాతావరణం కష్టం, శత్రువుల బాంబులకు దగ్గర అన్నారు. అది జరగలేదు. బొల్లారంలో రాష్ట్రపతిగారి విడిది మాత్రం ఉంది.

మూడోసారి మన కళ్ళముందే. 2010 డిసెంబరులో శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ఆరు మార్గాల్లో రెండు హైదరాబాదును కేంద్రపాలితం చేసేవే. అందులో ఒకటి నగరాన్ని పెంచి, నల్గొండ మీదుగా గుంటూరు జిల్లాతోనూ, మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు జిల్లాతోనూ కలిపేది. 2013లో మన వైపు నాయకులు చాలామంది అదే అడిగారు. ఆ కోరికను తేలిగ్గా తీసిపారేయలేం. గుడివాడలో నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఫైలు చంకన పెట్టుకుని ఆ ఊరు తిరిగినవాళ్ళం. పొలం అమ్మి అక్కడ ఫ్లాటు కొన్నవాళ్ళు ఈ సభలోనే పదిమంది ఉంటారు. పిల్లల ఉద్యోగాలన్నీ అక్కడే.

అయినా నాకు అది నచ్చదు. ఆ ఏడు దసరాకు మా పిల్లలంతా వచ్చారు. మా పెద్దవాడిది కూకట్‌పల్లిలో కాపురం. కేంద్రపాలితమైతేనే మాకు రక్షణ అన్నాడు. మా అల్లుడుగారిది నల్గొండ. ఆయన నెమ్మదిగా, "మామయ్యగారూ, మీ బందరును తీసుకెళ్ళి ఢిల్లీ కింద పెడతామంటే మీరు ఊరుకుంటారా?" అన్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు. మావాడు లేచి టీవీ కట్టేశాడు. వాషింగ్టన్‌లోనూ ఢిల్లీలోనూ జరిగింది చూస్తే, అలాంటి చోట కాపురమున్నవాడి మాటకు విలువ సగమే. పైగా మద్రాసు విషయంలో గానీ, హైదరాబాదు విషయంలో గానీ, ఆ ఊరివాళ్ళను విడిగా పిలిచి అడిగినవారు లేరు.

చివరికి 2014 చట్టంలో కేంద్రపాలితం రాలేదు. పదేళ్ళకు మించకుండా ఉమ్మడి రాజధాని అన్నారు, 8వ సెక్షను కింద అక్కడివారి ప్రాణానికీ ఆస్తికీ గవర్నరుగారికి ప్రత్యేక బాధ్యత పెట్టారు. మన పెన్షను భారాన్ని కూడా అదే చట్టంలో జనాభా లెక్కన 58.32కు 41.68గా పంచారు. అది చదివినప్పుడు నాకు చిత్రంగా అనిపించింది, నేను కట్టుకునే మందుల బిల్లులో నూటికి నలభై చిల్లర అవతలి రాష్ట్రం లెక్కలో పడుతుందా అని. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చేసింది. ఉమ్మడి గడువు 2024 జూన్ 2న ముగిసింది. ఆ రోజు పేపర్లో వార్త ఉంది, ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోలేదు. ఎన్నికల ఫలితాల హడావుడి.

అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన, 2020లో మూడు రాజధానుల చట్టం, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2025 మేలో పనుల పునఃప్రారంభం, ఇవన్నీ మీకు తెలిసినవే. 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. ఈసారి డేరాలు వద్దు. మనవాళ్ళు పెన్షను పనికి అక్కడికి వెళ్ళినప్పుడు కూర్చోవడానికి బెంచీ, తాగడానికి నీళ్ళు ఉండాలని మన సంఘం తరఫున ఒక మహజరు రాశాను. సంతకాలకు కాగితం బయట బల్ల మీద పెట్టాం. భోజనాలకు లేచేముందు దయచేసి పెన్షను నంబరుతో సహా సంతకం చేయండి.