బలవంతుని నీతి, బలహీనుని హక్కు

హైదరాబాదు పాతబస్తీ నుండి మూసీనది దాటి కోఠీకి వచ్చినవారికి ఎత్తైన స్తంభములు గల భవనమొకటి కనిపించును. నేడది మహిళా విద్యాలయము. ఒకప్పుడు బ్రిటిషు రెసిడెంటుల నివాసము. నది కావల చౌమహల్లాలో నిజాము దర్బారు, ఈవల రెసిడెన్సీ. బలవత్తరమైన రాజ్యము స్వప్రయోజనమును, పరుల హక్కును ఏ తక్కెడలో తూచునో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు.

మొదటి ప్రపంచయుద్ధమున చేసిన సహాయమునకు మెచ్చి, 1918లో బ్రిటిషు ప్రభుత్వము ఏడవ నిజామునకు 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అను బిరుదు నొసగెను. ఆ మిత్రుడే బీరారును తిరిగి కోరగా, 1926 మార్చి 27న వైస్రాయి రీడింగు ప్రభువు కఠినమైన లేఖ వ్రాసెను. తమ సార్వభౌమత్వమునకు సాటిలేదని దాని సారము. సామ్రాజ్య ప్రయోజనములకు గాని, సంస్థాన ప్రజల క్షేమమునకు గాని తీవ్రమైన హాని కలిగినచో చక్కదిద్దు బాధ్యత తమదే యనియు అందు గలదు. అనగా ప్రజలను కాపాడు అధికారము తమకు కలదని వారే ఒప్పుకొనిరి. అయినను తెలంగాణ పల్లెలలో వెట్టిచాకిరి మఱి రెండు దశాబ్దములు సాగెను. 1930లో జోగిపేటలో తొలిసారి సమావేశమైన ఆంధ్ర మహాసభయు, 1946 నాటి రైతాంగ పోరాటమును దాని నెదిరింపవలసి వచ్చెను. బీరారు విషయమున మేల్కొన్న సార్వభౌమత్వము వెట్టివాని గుడిసె కడ నిదురించెను.

దీనికి రెండవ ముఖమును కలదు. 1856లో దుష్పరిపాలన యను కారణము చూపి డల్హౌసీ అవధ్ రాజ్యమును కలుపుకొనెను. అచట ప్రజాక్షేమము స్వప్రయోజనమునకు ముసుగాయెను. కావున హక్కుల పేరు విన్నంతనే పొంగిపోరాదు.

ఇది సామ్రాజ్యములతో అంతరించిన వ్యాధి కాదు. 1971లో తూర్పు పాకిస్తానున సైన్యము సాగించిన మారణకాండపై అమెరికా మౌనమును నిరసించుచు, ఢాకాలోని ఆ దేశపు ఉద్యోగులే ఏప్రిల్ 6న తమ ప్రభుత్వమునకు అసమ్మతి తెలిపిరి. కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ వారిని సమర్థించెను. చైనాతో మైత్రికి పాకిస్తాను మధ్యవర్తిగా నుండెను. నిక్సన్ ప్రభుత్వము ఆ మాట పెడచెవిని పెట్టి, బ్లడ్‌ను ఢాకా నుండి తప్పించెను.

రాజ్యమునకు స్వప్రయోజనము వలదని మేము చెప్పుట లేదు. తన ప్రజల అన్నమును, సరిహద్దును చూచుకొనని ప్రభుత్వము ప్రభుత్వమే కాదు. మేమడుగునది ఒక్కటే: శత్రువు చేసిన నేరమును మిత్రుడు చేసినచో అది నేరము కాకపోవునా? 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవహక్కులలో అట్టి మినహాయింపు లేదు.

ఈ ప్రశ్న మనకును వర్తించును. పాతబస్తీ ఇండ్ల నుండి, కరీంనగరు, నిజామాబాదు పల్లెల నుండి ఎందఱో గల్ఫు దేశములకు పనికి పోవుచున్నారు. ఆ దేశముల చమురు మనకు కావలెను. మనవారు పంపు సొమ్మును కావలెను. పాస్‌పోర్టు యజమాని చేత చిక్కి, జీతము రాక, ఇల్లు చేరలేని పనివాని పక్షమున మన ప్రభుత్వము ఎంత గట్టిగా మాటాడునో, అదియే మన విదేశాంగ నీతికి గీటురాయి.